బైబిలులో దేవుని నామాలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు చాలామంది మిషన్ స్కూళ్ళలో చదువుతున్నారు. అక్కడ ప్రార్థనలో "యెహోవా" అనే పేరు వింటారు. ఇంటికొచ్చి "అబ్బా, యెహోవా అంటే వేరే ఖుదానా?" అని అడుగుతారు. "అవన్నీ నీకెందుకు, పోయి సబక్ చూసుకో" అని కసురుకునే తండ్రులను మేము ఎరుగుదుము. అడిగిన బిడ్డకు జవాబు చెప్పాలి గదా!

తౌరాత్ భాష హీబ్రూ. అది అరబ్బీకి తోబుట్టువు. ఉర్దూలాగే కుడి నుండి ఎడమకు వ్రాస్తారు, జేర్ జబర్లు పెట్టకుండానే చదువుకుంటారు. ఆ భాషలో దేవునికి మూలపదము "ఏల్". ఇది మనకు కొత్తది కాదు. జిబ్రయీల్, మీకాయీల్, ఇస్మాయీల్ అనే పేర్ల చివర ఉన్నది అదే. ఆదికాండము మొదటి వాక్యంలోని మాట "ఏలోహీం". రూపం చూస్తే బహువచనం, కాని దాని క్రియ ఏకవచనం. తెలుగులో గౌరవానికి "వారు వచ్చారు" అంటే క్రియ కూడా మారుతుంది. హీబ్రూలో మారదు. సృష్టించినవాడు ఒక్కడే అని వ్యాకరణమే చెబుతున్నది. దానియేలు గ్రంథంలో అరమాయిక్ భాషలో వ్రాసిన భాగాలున్నాయి. అక్కడ ఆ మాట "ఎలాహ్". "అల్లాహ్"కు అదెంత దగ్గరో మీరే చూడండి. 1865లో బేరూత్‌లో పూర్తిగా అచ్చయిన అరబ్బీ బైబిలులోనూ మొదటి వాక్యంలో అల్లాహ్ అనే ఉంది. అరబ్ క్రైస్తవులు నేటికీ అలాగే పిలుస్తారు.

ఇక యెహోవా సంగతి. హీబ్రూ బైబిలులో 6,800 సార్లకు పైగా వచ్చే ఈ పేరుకు నాలుగే అక్షరాలు: యే, హే, వావ్, హే. "ఉండు" అనే ధాతువుతో దీనికి సంబంధం. నిర్గమకాండములో హజ్రత్ మూసా పేరు అడిగినప్పుడు వచ్చిన జవాబు కూడా ఆ ధాతువుదే. యూదులు అదబ్ కొద్దీ ఈ పేరు నోట పలకరు, బదులుగా "అదోనాయ్", అంటే ప్రభువు, అంటారు. అలా చదవాలని గుర్తుకోసం వ్రాతగాళ్ళు ఈ నాలుగక్షరాలకు అదోనాయ్ జేర్ జబర్లు పెట్టారు. యూరప్ పండితులు దీని అక్షరాలూ దాని జేర్ జబర్లూ కలిపి చదివేశారు. యెహోవా అలా పుట్టింది, తెలుగు బైబిలులోకీ వచ్చింది. అసలు ఉచ్చారణ "యాహ్వే" అయి ఉండాలని నేటి పండితుల అభిప్రాయం. దాని పొట్టి రూపం "యాహ్" హల్లెలూయలో ఉంది, మన జకరియా పేరులోనూ ఉంది.

ఏల్ షద్దాయ్, ఏల్ ఎల్యోన్ వంటివి ఇంకా ఉన్నాయి. మొదటిదాన్ని సర్వశక్తుడనీ, రెండవదాన్ని సర్వోన్నతుడనీ తర్జుమా చేస్తారు. అవి అటుంచి, మా మనసు నిలిచే పేరు ఒకటుంది.

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరు, అంటే మన హజ్రత్ హాజిరా, గర్భిణిగా ఎడారికి పారిపోతారు. నీటి ఊట దగ్గర దేవదూత కనిపించి, దేవుడు నీ బాధ విన్నాడు, బిడ్డకు ఇష్మాయేలు అని పేరు పెట్టమంటాడు. "దేవుడు వింటాడు" అని దానర్థం. అప్పుడు ఆమె దేవుణ్ణి "ఏల్ రోయి" అని పిలిచారు, చూచే దేవుడు అని. నబీలూ రాజులూ ఉన్న ఆ గ్రంథంలో దేవునికి తానై పేరు పెట్టిన మొదటి మనిషి ఒక ఈజిప్టు బానిస స్త్రీ! రోయి అన్నా, రంజాను చంద్రుని కోసం మనం వేసే రూయతె హిలాల్ కమిటీలోని "రూయత్" అన్నా ఒకే ధాతువు. వినేవాడు, చూసేవాడు: సమీ, బసీర్. ఖుర్ఆన్‌లో ఈ రెండు నామాలు ఎన్నిచోట్ల జంటగా వస్తాయో హాఫిజ్ సాహెబులకు తెలుసు.

తేడాలు లేవని మేము అనడం లేదు. హజ్రత్ ఈసా దేవుణ్ణి "అబ్బా" అని పిలిచారని మార్కు సువార్త అంటుంది. దేవుణ్ణి తండ్రి అనడం మన అకీదా ఒప్పుకోదు. త్రిత్వాన్నీ ఒప్పుకోదు. ఆ మాట నిదానంగా చెప్పవచ్చు. కాని పేరు కోసం తగాదా ఏమిటి? మలేషియాలో 1986లో క్రైస్తవులు తమ పుస్తకాల్లో అల్లాహ్ అనే మాట వాడరాదని ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. 2021 మార్చిలో కౌలాలంపూర్ హైకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. అరబ్బులు తరతరాలుగా కలిసి వాడుకున్న మాటకు కోర్టు దాకా పోవలసి వచ్చింది.

హాగరు నిలిచిన ఆ నీటిచోటుకు బైబిలులో "బెయేర్ లహాయిరోయి" అని పేరు. బెయేర్ అంటే బావి, అరబ్బీలో బిఅర్. హాయి అంటే సజీవుడు, మన "హయ్య్". నన్ను చూచే సజీవుని బావి అన్నమాట. మిషన్ స్కూలు నుండి బిడ్డ ప్రశ్నతో వచ్చినప్పుడు ఈ బావి కథ చెప్పండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు. ఖుదా హాఫిజ్.