కూర్చోవడమూ హక్కే



మాది ధర్పల్లి. నిజామాబాద్‌లో ఒక పెద్ద బట్టల షోరూంలో చీరల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మ బీడీలు చేస్తుంది. రోజంతా చాట ముందు కూర్చుని ఆమె నడుము పడిపోయింది. రోజంతా నిలబడి నా కాళ్లు వాస్తున్నాయి.

పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిది దాకా అంతే. గిరాకీ లేకున్నా కూర్చోవద్దు. కూర్చుంటే కెమెరాలో చూసి జీతంలో కోత పెడతారు. మూత్రానికి పోవాలన్నా సూపర్‌వైజర్‌ను అడగాలి. అది అడగలేక చాలామందిమి నీళ్లు తాగడమే తగ్గించాం. పెళ్లిళ్ల సీజన్‌లో వారం సెలవు కూడా ఉండదు.

మన 1988 దుకాణాల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అంటుంది. వారానికొక సెలవు ఇవ్వాలంటుంది. అది అమలు కావాలి. కోజికోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేరళ చట్టం మారి కూర్చునే హక్కు వచ్చింది. 2021లో తమిళనాడులోనూ వచ్చింది. మనకెందుకు రాదు?

నేనొక్కదాన్నే అడిగితే రేపు పని ఉండదు. అందరి సంతకాలతో లేబర్ ఆఫీసుకు పోదాం, మీరూ తోడు రండి. చీరలు కొనడానికి వచ్చినప్పుడు మీకు స్టూలు వేస్తాం కదా! ఈ అమ్మాయికి స్టూలేదని మేనేజర్‌ను అడగండి.