విద్యార్థుల విదేశ సేవాయాత్ర



మన విద్యార్థులను సేవార్థము నేపాళమునకు బంపుట వినోదమేగాని సేవ కాదని కొందరు పెద్దలు శంకించుచున్నారు. శంక యుచితమే. దీనికి ఖుంజుంగు గ్రామచరిత్రము సమాధాన మీయగలదు.

1953వ సంవత్సరమున టెన్సింగు నార్గేతో గూడి ఎవరెస్టు శిఖరము నధిరోహించిన ఎడ్మండు హిల్లరీ, తరువాత షెర్పాలను మీకేమి కావలయునని యడిగెను. వారు బడి గోరిరి. 1961లో సుమారు 3,800 మీటర్ల యెత్తున ఖుంజుంగులో పాఠశాల వెలసెను. 1964లో లుక్లా విమానస్థలమును, 1966లో ఖుండే వైద్యశాలయు నేర్పడెను. కొండలెక్కిన చేతులే సుత్తులు పట్టినవి.

ఇందలి ధర్మ మొక్కటియే: అడిగి చేసినది సేవ, అడుగక చేసినది భారము. గోడ గట్టుట యెరుగని బాలుడు అచ్చటి తాపీవాని కూలి పోగొట్టరాదు. రాళ్లందించి పని నేర్చుకొనవలెను. ఉన్నతస్థలముల వాయువు పలుచన. తొందరపడి యెక్కినవాడు రోగియై, సేవ చేయుటకు మారు తానే చేయించుకొనును. మెల్లగా నడచుట, స్థానికుల మాట వినుట యను రెండును పర్వతము నేర్పు వినయము.

పోషకులారా! గ్రామస్థుల కోరిక ముందుగా దెలిసికొని, తిరిగివచ్చి మన పల్లెలందును అట్లే పాటుపడ నంగీకరించిన విద్యార్థులకే ద్రవ్యసహాయ మొసగుడు. అప్పుడది వ్యయము గాదు, విద్యాదానమగును.