విద్య నిలవాలంటే ఇల్లు నిలవాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కళాకారుల కుటుంబాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు వినని వాళ్లెవరు? రాతిని శిల్పంగా మలిచే ఆ పని పెద్దల దగ్గర పిల్లలు ఏళ్లతరబడి కూర్చుని నేర్చుకున్నది. ఆ ఏళ్లన్నీ బిడ్డకు అన్నం పెట్టిన ఇల్లు ఉంది కాబట్టే శిల్పి తయారయ్యాడు.

సంగీతంలోనూ అంతే. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వర విద్వాంసుల ఇంటి బిడ్డ. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర, ఆపైన తమిళనాడు గురువుల దగ్గర నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. అంతకంటే నాకు గొప్పగా తోచేది 1982లో అక్కడే ఆయన పెట్టిన శారదా నాదస్వర సంగీతాశ్రమం. తాను పొందిన విద్యను పదిమందికీ పంచారు. మనవలు కాసిం, బాబు ఆ బాటలోనే నడిచారు.

ఆయన శిష్యులే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు. ఆడవాళ్లు అరుదుగా పట్టే వాద్యాన్ని ఆమె భర్త పక్కన కూర్చుని వాయించారు. 2020 పద్మశ్రీ జాబితాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. శ్రీరంగం చేరకముందు వాళ్లు నేర్చుకున్నది మన కర్నూలు శారదా సంగీత కళాశాలలోనే.

సంగీతం విషయంలో మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చకు ఇది వేదిక కాదు. నేను చెప్పేది ఒక్కటే: ఏ విద్యకైనా తెలివితోపాటు తీరిక కావాలి. పేదింటి బిడ్డకు లేనిది ఆ తీరికే.

ఫీజు కడితే మన బాధ్యత తీరిందనుకుంటాం. కానీ పదో తరగతి కాగానే పిల్లవాడు మెకానిక్ షెడ్డుకు పోయేది ఫీజు లేక మాత్రమే కాదు, సాయంత్రానికి ఇంట్లోకి బియ్యం కావాలి కాబట్టి. వాడి చేతిలో బొమ్మ వేసే నేర్పు ఉండవచ్చు, బుర్రలో లెక్కలు ఉండవచ్చు. చూసేదెవరు?

అందుకే నా మనవి. రంజాన్‌లో ఒక్కసారి ఇచ్చి మరచిపోకండి. ఒక దాత ఒక బిడ్డను మూడేళ్లు పట్టుకోండి. ఫీజుతోపాటు ఆ ఇంటి నెల సరుకులు కూడా చూడండి. ఆడపిల్లలను ముందు వరుసలో ఉంచండి.

అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.