దండు నడిచిన బాట



సిద్ధేశ్వర చెరువు ఒడ్డున ఉన్న కోటను నేటి పిల్లలు తోటగానే ఎరుగుదురు. బహమనీల నాటి ఆ కోటను 1818 మే నెలలో మన్రో సేనలు పీష్వా సైన్యాన్ని ఓడించి వశపరచుకొన్నాయి. పిమ్మట ఊరి వెలుపల ఆంగ్లేయుల దండు విడిసింది. దండుకు సరుకులందించిన అంగడివీధియే సదర్ బజారు. దండు తరలిపోయినా పేరు మిగిలింది. 1930 మేలో సైనిక శాసనం విధించినప్పుడు మాత్రం సిపాయిలు మిల్లు కార్మికుల వీధులలోనికే వచ్చారు. ఆ ఉద్యమ కాలపు కేసులో నలుగురిని 1931 జనవరి 12న ఉరితీశారు. ఆ నలుగురి పేర్లు ఈ నగరంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

అయితే మన పేటలకు దగ్గరగా తగిలే ఘట్టం 1948 నాటిది. సాఖర్‌పేటలోని పద్మశాలీల పెద్దలు నిజాం రాజ్యంలోని కరీంనగరం, నల్లగొండ, వరంగల్, మహబూబునగరం జిల్లాల నుండి బతుకుదెరువుకై వచ్చినవారు. ఇక్కడ మగ్గం ముందు కూర్చున్నవారి తోబుట్టువులు అక్కడ, రజాకార్ల భయం నడుమ ఉండిరి. అప్పుడు సోలాపూర్ మళ్లీ దండు విడిదియైనది. సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన ముఖ్య సైన్యం ఇక్కడి నుండే హైదరాబాదు బాట పట్టింది. యాభై కిలోమీటర్లలోపే ఉన్న నల్‌దుర్గ్ వద్ద తొలి ప్రతిఘటన ఎదురైంది. అక్కడి బోరీ నది వంతెన చేజిక్కిన పిమ్మట సైన్యం ఉమర్గా, జహీరాబాదు మీదుగా సాగింది. 17 సాయంకాలానికి నిజాం పోరు విరమించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. దాదాపు మూడువందల కిలోమీటర్ల బాట అయిదు రోజులలో ముగిసింది.

విడిది కథ అక్కడితో ఆపితే సగమే చెప్పినట్లగును. ఆ బాట చుట్టుపట్ల ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు జిల్లాలలో ముస్లిం కుటుంబాలపై ఘోర ప్రతీకారం జరిగింది. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం దానిని నమోదు చేసింది. ఆ నివేదిక చిరకాలం వెలుగు చూడలేదు. మన వీధులలో చేనేత పనిలో పక్కపక్కన కూర్చున్న ఇరు మతాల కుటుంబాలకు ఆ వార్తలు ఎలా చేరి ఉంటాయో ఊహించుకొనవచ్చును.

నేడు ఆ బాటపైనే చద్దర్లు, తువ్వాళ్లు నిండిన లారీలు హైదరాబాదుకు పోవుచున్నవి. దసరాకు పుట్టింటికి వెళ్లే ఆడపడుచులు ఎక్కే బస్సు కూడా నల్‌దుర్గ్ మీదుగానే వెళ్లును.