కర్ణాభరణాలు: స్త్రీపురుషుల ఉమ్మడి చరిత్ర

న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందిన ఒక జత బంగారు కర్ణాభరణాలు ఉన్నాయి. అవి ఆంధ్రదేశంలో తయారై ఉండవచ్చునని పండితుల అభిప్రాయం. ఒకే కాడ నుంచి ఇరువైపులా పెరిగిన రెండు నలుచదరపు మొగ్గల వలె ఉండే ఆ నగల మీద రెక్కల సింహమూ ఏనుగూ కనిపిస్తాయి. పలుచని బంగారు రేకును వెనుక నుంచి కొట్టి ఉబ్బెత్తుగా తీర్చడం, సన్నని తీగను వంచి అతకడం, ఆవగింజ కన్నా చిన్నవైన బంగారు గుళ్ళను వరుసలుగా పేర్చి కరిగీ కరగని వేడి వద్ద రేకుకు అంటుకొనేలా చేయడం అనే మూడు పనితనాలు ఆ ఒక్క జతలోనే కలిసి ఉన్నాయి. ఇంత పెద్ద నగను ధరించాలంటే చెవితమ్మె, అనగా చెవి కింది మెత్తని భాగం, చిన్ననాటి నుంచి క్రమంగా సాగదీయబడి ఉండాలి.

ఈ నగలు ఎవరివి అన్న ప్రశ్నకు నేటి పాఠకుడు ఏ రాణిగారి పేరో ఊహించడం సహజమే గాని, ఆ కాలపు శిల్పం వేరొక సమాధానం చెబుతుంది. కృష్ణా నదికి సమీపంలోని జగ్గయ్యపేట బౌద్ధస్తూపం వద్ద లభించి, ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న చక్రవర్తి శిల్పఫలకంలో, రాజు చెవులకు వేలాడుతున్నవి సరిగ్గా ఈ తరహా ఆభరణాలే. అమరావతి, నాగార్జునకొండ ఫలకాలలో సైతం రాజులు, పరిచారకులు, నాగరాజులు, వారి దేవేరులు అందరూ బరువైన కర్ణాభరణాలతోనే దర్శనమిస్తారు. సాతవాహనుల నాటి జనావాసాలలో కాల్చిన మట్టితో చేసిన చెవిబిళ్ళలు దొరకడాన్ని బట్టి, బంగారం కొనలేనివారు సైతం చెవిని బోసిగా ఉంచలేదని తెలుస్తుంది. కాబట్టి తెలుగునేల మీద కర్ణాభరణానికి దొరికే తొలి సాక్ష్యాలు హోదాను, సంపదను సూచిస్తాయే తప్ప స్త్రీపురుష భేదాన్ని సూచించవు. బుద్ధుని విగ్రహాలలో చెవితమ్మెలు పొడవుగా సాగి, ఖాళీగా ఉండడానికి సాధారణంగా చెప్పే కారణం కూడా ఇదే: రాకుమారుడిగా ధరించిన బరువైన కుండలాలను ఆయన త్యజించాడు గాని, వాటి గుర్తు శరీరంపై నిలిచిపోయింది.

ఈ ఆచారం వైద్యశాస్త్రంలో ఎంత లోతుగా పాతుకొని ఉందో సుశ్రుతసంహిత చదివితేనే అర్థమవుతుంది. ఆ గ్రంథంలోని సూత్రస్థానం 16వ అధ్యాయంలో అధికభాగం చెవులు కుట్టడానికీ, తెగిన చెవితమ్మెలను అతకడానికీ కేటాయించబడింది. శిశువుకు 6వ నెలలో గాని 7వ నెలలో గాని శుక్లపక్షంలో చెవులు కుట్టాలనీ, అది రక్షణ కోసమూ అలంకారం కోసమూ అనీ సుశ్రుతుడు చెబుతాడు. బిడ్డను దాది ఒడిలో కూర్చోబెట్టి, ఆటవస్తువులతో మరపించి, చెవిని ఎండకు ఎదురుగా పట్టినపుడు పలుచగా వెలుతురు కనిపించే చోటును వైద్యుడు ఎడమచేత్తో లాగి పట్టుకొని కుడిచేత్తో సూటిగా కుట్టాలి. తమ్మె పలుచగా ఉంటే సూదితోనూ, దళసరిగా ఉంటే ‘ఆర’ అనే మోటు పరికరంతోనూ ఆ పని చేయాలి. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ముందు ఎడమచెవి కుట్టాలన్నది మాత్రమే ఇక్కడ కనిపించే తేడా. కుట్టిన తరువాత దూదివత్తి దూర్చి నూనె వేయడం, మూడేసి రోజులకు ఒకసారి మరింత లావైన వత్తి పెట్టి రంధ్రాన్ని పెంచడం, రక్తనాళానికి దెబ్బ తగిలితే వచ్చే జ్వరం, వాపు వంటి ఉపద్రవాలను గుర్తించడం కూడా అక్కడే వివరించబడ్డాయి. పెంచిన తమ్మె బరువుకు తెగిపోయినప్పుడు దానిని అతికే 15 విధానాలను ఆయన పేర్కొన్నాడు; తమ్మె బొత్తిగా లేనివారికి చెంప నుంచి సజీవమైన కండను మలచి కొత్త తమ్మెను నిర్మించే పద్ధతిని కూడా చెప్పాడు. ప్లాస్టిక్ సర్జరీ చరిత్రకారులు సుశ్రుతుని ముక్కు శస్త్రచికిత్సను పొగిడినంతగా ఈ కర్ణసంధానాన్ని పొగడకపోవడం విచారకరం, ఎందుకంటే నగపై మమకారమే ఇక్కడ శాస్త్రాన్ని ముందుకు నడిపించింది.

కర్ణాభరణం స్త్రీపురుషులిద్దరిదీ అన్న మాటను సాహిత్యం కూడా బలపరుస్తుంది. దివ్యావదానం అనే బౌద్ధ సంస్కృత గ్రంథంలో సూర్పారక రేవుపట్టణపు వర్తకుని కుమారుల కథ ఉంది. పెద్దవాడు తన రత్నాల పోగు తీసివేసి, లక్ష సువర్ణాలు సంపాదించే వరకు మళ్ళీ దానిని పెట్టుకోనని శపథం చేసి కొయ్యపోగు ధరిస్తాడు, తమ్ములు కూడా అదే బాటలో లక్క, తగరం వంటి చవక పదార్థాల పోగులు పెట్టుకొంటారు. పురుషుని చెవిపోగు అతని పరపతికి కొలమానంగా, అతని ప్రతిజ్ఞకు సాక్షిగా పనిచేసిన ఈ ఘట్టం ఆభరణ చరిత్రలో అత్యంత విలువైనది. నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో ఉదంకుడు గురుపత్ని కోరిక మీద పౌష్యమహారాజు దేవేరి కుండలాలను యాచించి తెస్తుండగా తక్షకుడు వాటిని అపహరించిన కథ తెలుగువారికి సుపరిచితమే. అక్కడ కుండలాలు రాణివి. అదే మహాభారతంలో సహజ కవచకుండలాలతో పుట్టి వాటిని ఇంద్రునికి దానం చేసినవాడు కర్ణుడు. ఒకే ఇతిహాసం, ఒకే మాట, రెండు చోట్లా ఒకే విధమైన మహిమ.

స్త్రీపురుషులకు వేర్వేరు రకాలు లేవని దీని అర్థం కాదు. తాటాకును చుట్టగా చుట్టి చెవిరంధ్రంలో దూర్చుకొనే పాత అలవాటు నుంచి వచ్చిన తాటంకం, అంటే కమ్మ, క్రమంగా స్త్రీల నగ అయింది. మొసలి, ఏనుగు, చేప పోలికలు కలిసిన మకరం అనే కల్పిత జలచరం ఆకారంలో చేసిన మకరకుండలం పురుషదేవతలకు ఎక్కువగా చెల్లింది. అయితే శిల్పులు ఈ తేడాను గోడగా కాక ద్వారంగా వాడుకొన్నారు. దక్షిణాది నటరాజ కాంస్యమూర్తులలో కుడిచెవికి పురుషుల కుండలమూ ఎడమచెవికి స్త్రీల తాటంకమూ ఉండడం, అర్ధనారీశ్వరునికి రెండు చెవులకూ రెండు తీరుల ఆభరణాలు అమరడం, ఒకే దేహంలో ఉభయత్వాన్ని చూపడానికి అన్నిటికన్నా చిన్న నగే చాలునని నిరూపిస్తాయి.

పల్లెల వాడుకలో ఈ సంపద మరింత విస్తారం. తమ్మెకు దుద్దులు, కమ్మలు, వాటి కింద బుట్టలు లేదా జూకాలు, చెవి పైభాగాన బావిలీలు, బరువును జుట్టుకు పంచే మాటీలు స్త్రీలవి కాగా, పోగులు, చెవికి అంటిపెట్టుకొని ఉండే అంటుజోళ్ళు పురుషులకు చెల్లాయి. మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టినప్పుడు, కమ్మచ్చు అనే చిల్లుల పలకలో లాగి సన్నగా తీసిన బంగారు తీగనే సూదిగా చేసి స్వర్ణకారుడు చెవులు కుట్టేవాడు. విశాఖ మన్యంలోని గదబ స్త్రీలు ఇత్తడి తీగను చుట్లుగా చుట్టి భుజాలను తాకే పెద్ద పోగులు ధరించేవారని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన గ్రంథ సంపుటాలలో ఉంది. నాథసంప్రదాయపు యోగులు దీక్షలో చెవిని చీల్చి పెద్ద కుండలం ధరించడం, మరాఠా పురుషులు కుడిచెవి పైభాగాన ముత్యాల భిక్‌బాళీ పెట్టుకోవడం ఇరుగుపొరుగు ఉదాహరణలు. 1614లో జబ్బు నుంచి కోలుకొన్న జహంగీర్ చక్రవర్తి ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ పట్ల భక్తితో చెవులు కుట్టించుకొని ముత్యాలు ధరించగా, సభలోని ప్రముఖులు ఆయనను అనుసరించారు.

పురుషుల చెవులు బోసిపోవడం ఇంగ్లీషు పాలన కాలపు మార్పు. ఇంగ్లీషు చదువులు, కచేరీ ఉద్యోగాలు, కోటు, క్రాపు వచ్చిన క్రమంలో పిలకతో పాటు పోగులు కూడా పోయాయి. పాలకుల కంటికి అవి నాగరికం కాని అలవాటుగా కనిపించడమే అందుకు ముఖ్య కారణం. అయితే ఆ పాలకుల పూర్వులకు ఇటువంటి అభ్యంతరమేమీ లేదు: 1649లో మరణశిక్షకు గురైన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ చెవికి ముత్యపు పోగు ఉండేది. విక్టోరియా రాణి కాలపు మధ్యతరగతి మర్యాద ఒకటి ప్రపంచ ధర్మంగా చెలామణి అయి, తెలుగువారి రెండు వేల ఏళ్ళ అలవాటును కొన్ని తరాలలోనే ఆడవారి అలవాటుగా కుదించివేసింది. నేడు ఒక యువకుడు చెవికి రవ్వ పెట్టుకొంటే దానిని పరాయి అనుకరణ అని నిందించేవారు ఆ నిందలోనే పరాయి కొలతను వాడుతున్నారు.

జగ్గయ్యపేట చక్రవర్తి చెవులు రాతిలో ఉన్నాయి గనుక అవి భద్రం. ఇళ్ళలోని సాక్ష్యాలకు ఆ భద్రత లేదు. పోగులు ధరించిన తాతముత్తాతల ఛాయాచిత్రాలు పెట్టెలలో వెలసిపోతున్నాయి, పాత నగలు కొత్త నగల కోసం కరిగిపోతున్నాయి, బావిలీ ఏదో మాటీ ఏదో చూడగానే చెప్పగల స్వర్ణకారులు వృద్ధులవుతున్నారు. నగను కరిగించే ముందు దాని ఫొటో తీసి, పేరు, ధరించిన వ్యక్తి, చేసిన ఊరు రాసి ఉంచడం ప్రతి కుటుంబమూ చేయగల పని. విశ్వవిద్యాలయాల చరిత్రశాఖలు, రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తుశాఖలు ఆ వివరాలను జిల్లాలవారీగా సేకరించి, ఆభరణాలను స్త్రీల శీర్షిక కింద మాత్రమే కాక ధరించిన వారందరి పేర నమోదు చేయాలని ఈ ప్రసంగం కోరుతున్నది.