మనవడి యంత్రం, మా పెరడు



మా మనవడు మెటల్ డిటెక్టర్ కొని కురుపాం తెచ్చాడు. పెరట్లో ఏనాడో పడిపోయిన మా ఇంటావిడ చెవి దిద్దు వెతకాలని నా ఆశ. ఆవిడ లేదు, రెండో దిద్దు నా దగ్గరే ఉంది.

మీట నొక్కగానే ఒకటే గోల. ఎర్రమట్టిలోని ఇనుముకే మోగుతోంది. తీగచుట్టను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ, మోత తగ్గేదాకా సరిచేశాం. తర్వాత మేకులు, రేకులు మోగకుండా అమర్చాం. పెరడంతా నిశ్శబ్దం! అనుమానమొచ్చి రెండో దిద్దు నేలమీద పెట్టాను. అదీ మోగలేదు. చెత్త వద్దంటే సన్న బంగారాన్నీ వదిలేస్తుందన్నమాట. ఆ అమరిక తీసేసి, వరుసలుగా అంగుళం విడవకుండా వెతికాం. ముప్ఫై మేకులు తవ్వాక దిద్దు దొరికింది. కాసేపు నాకు మాట రాలేదు.

"ఇక కోట దగ్గర వెతుకుదాం తాతయ్యా" అన్నాడు వాడు.

"1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది నాయనా. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుగారికి రాతమూలంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు" అన్నాను. యంత్రం కట్టేశాడు.

మిత్రులారా, కొత్త యంత్రాన్ని ముందు తెలిసిన వస్తువుతో పరీక్షించండి.