గట్టు తగాదాలో మూడవ మనిషి



విశ్వాసులలో రెండు వర్గాలు కలహించుకుంటే వారి మధ్య సంధి కుదర్చాలని, ఆ సంధి న్యాయబద్ధమై ఉండాలని సూరె హుజురాత్ మనల్ని ఆదేశిస్తున్నది. సంధి కుదర్చడం మాకు తెలుసుననే అనుకునేవాళ్ళము. కొన్నేళ్ళ క్రితం కొల్లేటి అంచున ఇద్దరు చేపల చెరువుల ఆసాములు ఒక గట్టు విషయమై పోలీసు స్టేషను దాకా వెళ్ళారు. మేము వారిని కూర్చోబెట్టి, ఖర్చు చెరిసగం భరించి గట్టు ఎత్తు చేసుకునేలా ఒప్పించి, ముసాఫహా చేయించి, తృప్తిగా ఏలూరు తిరిగివచ్చాము. ఆ వానాకాలంలోనే ఎగువనున్న ఒక కౌలు రైతు వరిచేను మునిగిపోయింది. నీరు దిగే దారికి అడ్డుపడింది మేము ఎత్తు చేయించిన ఆ గట్టే. అతనిని ఆనాడు ఎవరూ పిలువలేదు. పిలవాలని మాకూ తోచలేదు.

కొల్లేటి తగాదా అంతా ఇటువంటిదే. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే ఈ సరస్సు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద సైతం ఇక్కడికే చేరింది. 1999లో ఐదవ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. గట్ల మూలంగా తన చేను మునుగుతున్నదని ఎగువ రైతు అంటాడు. బ్రతుకుతెరువు పోయిందని లంక గ్రామస్థుడు, పరిహారం ఏదని పట్టాదారు అడుగుతారు. పక్షులకైతే అడిగే నోరే లేదు. వీరిలో ఏ ఇద్దరిని ఒప్పించినా ఆ ఒప్పందపు భారం మూడవవానిపై పడుతుంది.

మదీనాలోనూ నీటి తగాదా వచ్చింది. హర్రా నుండి వచ్చే కాలువ విషయమై హజ్రత్ జుబైర్ (రజి)కు, ఒక అన్సారీకి వివాదం కలిగిందని సహీహ్ బుఖారీలో ఉన్నది. నీవు తడుపుకొని, పొరుగువానికి నీరు వదలమని దైవప్రవక్త (స) జుబైర్‌కు చెప్పారు. ఎగువవాని హక్కు కొంత తగ్గించి, దిగువవానికి సౌలభ్యం కల్పించిన సలహా అది. జుబైర్ మీ మేనత్త కుమారుడు కాబట్టే ఇలా చెప్పారని అన్సారీ నిష్ఠూరమాడాడు. ప్రవక్త (స) ముఖవర్ణం మారింది. అప్పుడు జుబైర్‌కు పూర్తి హక్కు ఇస్తూ, నీరు గట్టును తాకేవరకు నిలుపుకోమన్నారు. గమనించండి: మొదట సయోధ్య, అది కాదన్నప్పుడు హక్కు. మేము ఈ హదీసును మదరసాలో చదివాము, ఎందరికో బోధించాము కూడా. ఆ రోజు గట్టుపై నిలబడి, నీరు ఎటునుండి వచ్చి ఎటు పోతుందో మాత్రం చూడలేదు.

ఆ కౌలు రైతు మన మతస్థుడు కాదు. అందువలన అతని గడపకు వెళ్ళడానికి మాకు ఇన్నాళ్ళూ బిడియం అడ్డువచ్చిందంటే అది మా లోపమే. ఈ రోజు నమాజు అనంతరం ఆ ఇద్దరు చెరువుల ఆసాములను వెంటబెట్టుకొని అక్కడికి బయలుదేరుతున్నాము. గట్టుకు తూము ఎక్కడ పెట్టాలో అతనినే అడగాలని మా ఉద్దేశం. తాడేపల్లిగూడెం నుండి వచ్చిన సోదరులలో కాలువ పనులు తెలిసినవారు ఉంటే మసీదు వాకిట కాసేపు ఆగగలరు.